మధ్యాహ్నానికి చీటీ ఆగిపోయే కాటా: ఒక జాంబీ ప్రాసెస్‌ల కేసు

నేపథ్యం

కర్నూలు జిల్లాలో పత్తి బాగా వచ్చే వైపు ఒక జిన్నింగ్ మిల్లు. ఊరి పేరు, మిల్లు పేరు, గుర్తుపట్టేలాంటి వివరాలు తీసేశాను. వాహనాల లెక్కలు కూడా దగ్గరదగ్గరగా చెబుతున్నవే.

గేటు లోపల లారీ కాటా, దాని పక్కన చిన్న గది. గదిలో కంప్యూటర్, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్, ఒక ఆపరేటర్. బండి లోడుతో వచ్చినప్పుడు ఒక తూకం, దించి ఖాళీగా పోయేటప్పుడు ఇంకో తూకం. తూకం వేసిన ప్రతిసారీ మూడు పనులు జరగాలి: చీటీ ప్రింట్ కావాలి, కెమెరా బండి నంబరు ప్లేటు ఫొటో తీయాలి, రైతుకో వ్యాపారికో ఎస్ఎంఎస్ పోవాలి. వీటన్నిటినీ నడిపేది సీ భాషలో రాసిన ఒక పాత ప్రోగ్రామ్. కాటా ఇండికేటర్ నుంచి సీరియల్ పోర్టు ద్వారా బరువు చదివి, ఒక్కో పనికి ఒక్కో చైల్డ్ ప్రాసెస్‌ను, అంటే తన కింద విడిగా నడిచే చిన్న ప్రోగ్రామ్‌ను, పుట్టిస్తుంది. పుట్టించినది దానికి పేరెంట్.

ఆ ప్రోగ్రామ్ ఒక పాత లినక్స్ పెట్టెలో ఏళ్ల తరబడి ఏ గొడవా లేకుండా నడిచింది. హార్డ్ డిస్క్ మూలగడం మొదలెట్టాక ఒక డెవలపర్ దాన్ని కొత్త మెషీన్ మీదికి, డాకర్ కంటైనర్‌లోకి (ప్రోగ్రామ్‌ను మిగతా మెషీన్ నుంచి వేరుచేసి నడిపే ఏర్పాటు) మార్చాడు. కోడ్‌లో ఒక్క లైను కూడా ముట్టుకోలేదు. ఈ కేసుకు మూలం అక్కడే ఉంది. కానీ "కోడ్ మార్చలేదు కాబట్టి తప్పు ప్రోగ్రామ్‌ది కాదు" అని అందరూ మొదటే తీర్మానించుకోవడంతో అటువైపు ఎవరూ చూడలేదు.

వచ్చిన సమస్య

"పొద్దున బాగానే వస్తాది సార్, మధ్యాన్నం దాటితే చీటీ రాదు. బరువు మాత్రం స్క్రీన్ మీద కనపడ్తానే ఉంటాది." ఆపరేటర్ చెప్పింది ఇంతే. ఈ రెండు వాక్యాల్లో కావలసినంత సమాచారం ఉంది. బరువు కనిపిస్తోందంటే ప్రోగ్రామ్ బతికే ఉంది, సీరియల్ పోర్టు పనిచేస్తోంది. చీటీ రావడం లేదంటే అనుమానం ప్రింటర్ మీదికి పోవడం సహజం. నేను వెళ్లేసరికి ప్రింటర్ కేబుల్ మారింది, రిబ్బన్ మారింది, ఒకసారి ప్రింటరే మారింది. తర్వాత ఎవరో మెమరీ చాలడం లేదన్నారు, ర్యామ్ రెట్టింపు చేశారు. ఏమీ మారలేదు. చివరికి రోజూ రాత్రి కంటైనర్‌ను రీస్టార్ట్ చేయడం అలవాటు చేసుకున్నారు. సీజన్ ఊపందుకున్నాక రాత్రి ఒకసారి చాలక, భోజనాల వేళ కూడా మొదలెట్టారు.

నేను ఆపరేటర్‌ను అడిగిన మొదటి ప్రశ్న: సెలవు రోజు కూడా ఆగుతుందా? ఆగదట. మార్కెట్ మూతపడి బండ్లు తక్కువ వచ్చిన రోజు సాయంత్రం దాకా నడుస్తుందట. రీస్టార్ట్ చేయకపోతే మాత్రం మరుసటి రోజు పదకొండుకే ఆగిపోతుందట. అంటే వేళతో సంబంధం లేదు, వేడితో లేదు, ఓల్టేజీతో లేదు. బండ్ల సంఖ్యతోనే ఉంది. బండి బండికీ ఏదో కొంచెం కొంచెం ఖర్చైపోతోంది, అది తిరిగి రావడం లేదు. మెమరీ అయితే గ్రాఫ్‌లో కనిపించాలి. మెమరీ, సీపీయూ, డిస్క్ అన్నీ ఖాళీగానే ఉన్నాయి. లోడ్ యావరేజ్ (పని కోసం వరుసలో ఉన్న ప్రాసెస్‌ల సగటు) కూడా సున్నా దగ్గరే.

రెండో ప్రశ్న కంటైనర్‌ను ఆపడం గురించి. "ఆపమంటే వెంటనే ఆగదు సార్, కాసేపు అట్లే ఉండి ఆగుతాది." చూస్తే సరిగ్గా 10 సెకన్లు. డాకర్ ముందు టర్మ్ సిగ్నల్ (ముగించమనే సందేశం) పంపి, 10 సెకన్లు ఆగి, అప్పటికీ చావకపోతే కిల్ సిగ్నల్ పంపుతుంది. టర్మ్‌కు ఈ ప్రోగ్రామ్ ఎందుకు చావడం లేదు? హ్యాండ్లర్ (సిగ్నల్ వస్తే ఏం చేయాలో చెప్పే కోడ్) లేని మామూలు ప్రాసెస్ అయితే టర్మ్ తగలగానే పోవాలి. చావకుండా ఉండే హక్కు కెర్నల్ (లినక్స్ గుండెకాయ) ఒక్కరికే ఇస్తుంది: ఆ పీఐడీ నేమ్‌స్పేస్‌లో (ప్రాసెస్ నంబర్లు, అంటే పీఐడీలు, 1 నుంచి మొదలయ్యే విడి లెక్క) 1వ నంబరు ప్రాసెస్‌కు. హ్యాండ్లర్ పెట్టుకోని సిగ్నల్‌ను, బయటి నుంచి వచ్చే కిల్ లాంటివి తప్ప, దానికి కెర్నల్ అందించనే అందించదు. అంటే కంటైనర్ లోపల మన కాటా ప్రోగ్రామే పీఐడీ 1గా కూర్చుని ఉంది. ఈ సంగతి పెద్దగా ఎవరూ పట్టించుకోరు గానీ, నాకు దారి చూపించింది ఇదే.

లోపల ఏముంది

మధ్యాహ్నం చీటీ ఆగిన సమయంలో పట్టుకోవాలి కాబట్టి రీస్టార్ట్ చేయొద్దని గట్టిగా చెప్పి కూర్చున్నాను. కంటైనర్ లోపల షెల్ తెరవబోతే తెరుచుకోలేదు. అందుకే హోస్ట్ మెషీన్ (కంటైనర్‌ను నడిపే అసలు కంప్యూటర్) నుంచే పీఎస్ (ప్రాసెస్‌ల జాబితా చూపే కమాండ్) కొట్టాను. స్క్రీన్ నిండా జెడ్ స్థితిలో (జాంబీ, అంటే ముగిసినా జాబితాలోంచి పోని స్థితి) ఉన్న ప్రాసెస్‌లు, పేరు పక్కన "డిఫంక్ట్" అన్న ముద్ర. ప్రింట్ సహాయకుడు, ఎస్ఎంఎస్ సహాయకుడు, మళ్లీ ప్రింట్, మళ్లీ ఎస్ఎంఎస్. అక్కడక్కడ కెమెరా. అన్నిటికీ పేరెంట్ ఒక్కటే, కాటా ప్రోగ్రామ్.

ఆ కంటైనర్ కంట్రోల్ గ్రూపులో (కెర్నల్ ఉంచే వనరుల హద్దుల లెక్క) "పిడ్స్ డాట్ కరెంట్" (ఇప్పుడున్న ప్రాసెస్‌ల సంఖ్య) ఫైలు చూస్తే 512. "పిడ్స్ డాట్ మ్యాక్స్" (గరిష్ఠ పరిమితి) కూడా 512. బతికున్న ప్రాసెస్‌లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, మిగిలినవన్నీ చచ్చినవే. కెర్నల్ లాగ్‌లో "ఫోర్క్ రిజెక్టెడ్ బై పిడ్స్ కంట్రోలర్" (ఫోర్క్ అంటే కొత్త ప్రాసెస్‌ను పుట్టించడం) అని ఒకే ఒక్క లైను, అదీ ఉదయం నాటిది కాదు, కంటైనర్ లేచాక మొదటిసారి పరిమితి తగిలినప్పటిది. ఒక గ్రూపుకు మొదటి తిరస్కరణను మాత్రమే కెర్నల్ లాగ్‌లో రాస్తుంది. తర్వాతివి "పిడ్స్ డాట్ ఈవెంట్స్" ఫైలులో అంకెగా పెరుగుతాయి తప్ప లాగ్‌లోకి రావు. లాగ్ చివరి పేజీ మాత్రమే చూసేవాళ్లకు ఇది దొరకదు. ప్రోగ్రామ్ సొంత లాగ్‌లో అయితే తూకం తూకానికీ "రిసోర్స్ టెంపరరీలీ అనవైలబుల్" అని ఉంది. ఫోర్క్ విఫలమైతే ఆ మాట రాసుకుని ముందుకు పోతుంది, స్క్రీన్ మీద ఏ ఎర్రర్ చూపించదు.

ఇక్కడ కెర్నల్ చేసే పని కొంచెం వివరంగా చెప్పాలి. ప్రాసెస్ ముగిసినప్పుడు కెర్నల్ దాని మెమరీని విడిపిస్తుంది, తెరిచిన ఫైళ్లను మూస్తుంది. కానీ ప్రాసెస్ పట్టికలో చిన్న ఎంట్రీని మాత్రం ఉంచుతుంది: పీఐడీ, ఎగ్జిట్ కోడ్ (పని సరిగా అయిందా లేదా చెప్పే అంకె) లేదా ఏ సిగ్నల్ దెబ్బకు పోయిందన్నది, ఎంత సీపీయూ వాడిందన్న లెక్క. పేరెంట్‌కు చైల్డ్ సిగ్నల్ పంపి, పేరెంట్ వచ్చి వెయిట్ కాల్‌తో ఆ సమాచారం తీసుకునేదాకా ఆగుతుంది. తీసుకున్నాకే పీఐడీ ఖాళీ అవుతుంది. సరుకు మొత్తం దించేసినా గేట్ పాస్ మీద సంతకం పడక గేటు దగ్గరే నిలబడిన లారీ లాంటిది ఈ స్థితి. దాని బరువేమీ లేదు, స్థలం మాత్రం పట్టింది. జాంబీ తినేది కొన్ని కిలోబైట్లే కాబట్టి మెమరీ గ్రాఫ్‌లో కనిపించదు. అది రన్ క్యూలో (సీపీయూ కోసం వరుసలో) ఉండదు, డిస్క్ కోసం ఆగి ఉండదు, అందుకే లోడ్ యావరేజ్‌లోనూ కనిపించదు. కానీ ప్రాసెస్‌ల సంఖ్య మీద పెట్టిన ప్రతి పరిమితిలోనూ లెక్కకు వస్తుంది.

లెక్క కూడా సరిపోయింది. తూకానికి ప్రింట్ ఒకటి, ఎస్ఎంఎస్ ఒకటి, బండికి రెండు తూకాలు, అంటే బండికి నాలుగు జాంబీలు. 512 నిండాలంటే 125 బండ్లకు కొంచెం అటూ ఇటూ. సీజన్‌లో ఆ మిల్లుకు మధ్యాహ్నం లోపు వచ్చే బండ్లు దాదాపు అన్నే.

పాత పెట్టెలో ఎందుకు రాలేదు?

స్ట్రేస్ (ప్రోగ్రామ్ కెర్నల్‌ను ఏమేం అడుగుతోందో చూపే పనిముట్టు) తగిలించి ఒక తూకాన్ని గమనించాను. ప్రోగ్రామ్ ఒక చైల్డ్‌ను పుట్టించింది. ఆ చైల్డ్ ఇంకో చైల్డ్‌ను పుట్టించి తాను వెంటనే ముగిసింది. ప్రోగ్రామ్ ఆ మొదటి చైల్డ్ పీఐడీ మీద మాత్రమే వెయిట్ చేసి తన పనిలో పడింది. అసలు ప్రింటింగ్ చేసేది మనవడు.

ఇది డబుల్ ఫోర్క్ అనే పాత పద్ధతి. రాసినాయన తెలిసే రాశాడు. డాట్ మ్యాట్రిక్స్ కొట్టుకుంటూ కూర్చుంటే తూకం ఆగకూడదు కదా. మధ్యలోని చైల్డ్ పోగానే మనవడు అనాథ అవుతాడు. అనాథను కెర్నల్ ఇనిట్‌కు, అంటే అన్నిటికంటే ముందు లేచే పీఐడీ 1కి అప్పగిస్తుంది. ఇనిట్ పనుల్లో ఒకటి ఇలాంటి అనాథలు పోయినప్పుడు వెయిట్ చేసి ఎంట్రీ తీసేయడం. పాత పెట్టెలో పీఐడీ 1 నిజమైన ఇనిట్. అది ఏళ్ల తరబడి నోరెత్తకుండా ఈ ప్రోగ్రామ్ వదిలేసిన మనవళ్లందరి లెక్కా తేల్చేసింది. కంటైనర్‌లోకి వచ్చాక పీఐడీ 1 ఈ ప్రోగ్రామే. తాను వదిలించుకున్నాననుకున్న మనవడిని కెర్నల్ మళ్లీ తెచ్చి దాని ఒళ్లోనే పెట్టింది. ఆ పీఐడీ దానికి తెలియదు. తెలియని పీఐడీ మీద అది వెయిట్ చేయదు.

చైల్డ్ సిగ్నల్ వస్తుంది కదా, దానికైనా కదలాలి కదా అని ప్రోక్‌లో (ప్రాసెస్‌ల వివరాలను కెర్నల్ చూపే చోటు) దాని స్టేటస్ ఫైలు చూశాను. పట్టుకునే సిగ్నళ్ల మాస్క్‌లో (ఏ సిగ్నళ్లకు హ్యాండ్లర్ ఉందో చూపే అంకెల వరుస) కుడి నుంచి ఐదో అంకె 0. ఒక్కో అంకె నాలుగేసి సిగ్నళ్లను చూపుతుంది, చైల్డ్ సిగ్నల్ ఇక్కడ 17వ నంబరు. దానికి హ్యాండ్లర్ ఉంటే అక్కడ 1 కనిపించాలి. ఇగ్నోర్ మాస్క్‌లోనూ 0. అంటే డిఫాల్ట్.

ముందు కొనసాగనివ్వడం

కారణం తెలిసింది గానీ బయట లారీలు వరుసలో ఉన్నాయి. సేటు గది తలుపు దగ్గరే నిలబడి "అన్నా, ఇప్పుటికైతే నడిపీ, తర్వాత ఏమన్నా చేసుకో" అంటున్నాడు. పరిమితి పెంచడం పరిష్కారం కాదని తెలిసినా 4096కు పెంచాను. నడుస్తున్న కంటైనర్ మీదే డాకర్ అప్‌డేట్ కమాండ్‌తో చేయొచ్చు, రీస్టార్ట్ అక్కర్లేదు. ఆ క్షణంలో రీస్టార్ట్ చేస్తే పీఐడీ 1తో పాటు ఆ నేమ్‌స్పేస్‌లో ఉన్న ప్రతి ప్రాసెస్‌నూ కెర్నల్ చంపేస్తుంది. సగం పోయిన ఎస్ఎంఎస్ సగంలోనే ఆగిపోతుంది. అంతకుముందు రైతులు "మెసేజ్ రాలేదు" అని చేసిన ఫిర్యాదుల్లో కొన్ని ఈ భోజనాల వేళ రీస్టార్ట్‌ల ఫలితమేనని నా అనుమానం. పెంచిన పరిమితితో సీజన్ రోజుల్లో కూడా కొద్ది రోజులు గడుస్తాయి, ఆలోచించడానికి అది చాలు.

పనిచేయనివి

కిల్ మైనస్ 9 (బలవంతంగా చంపే కమాండ్) అప్పటికే ఆఫీసులో ఒకరు ప్రయత్నించారట. చచ్చినదాన్ని మళ్లీ చంపలేం, దాని గురించి ఇంతకంటే చెప్పేదేమీ లేదు.

డెవలపర్ ఫోన్‌లో ఒక సూచన ఇచ్చాడు, అది మాత్రం తీసిపారేయదగ్గది కాదు. ప్రోగ్రామ్ మొదట్లో చైల్డ్ సిగ్నల్‌ను ఇగ్నోర్ అని ఒక్క లైను పెడితే కెర్నల్ జాంబీలను ఉంచకుండా తానే తీసేస్తుంది. నిజమే. డిఫాల్ట్ స్థితిలో కూడా ఈ సిగ్నల్‌ను పట్టించుకోనట్టే ఉంటుంది, కానీ కెర్నల్ దృష్టిలో రెండూ ఒకటి కావు. "నాకు అక్కర్లేదు" అని మాట చెప్పి ఇగ్నోర్ పెట్టినవాళ్లకే ఈ సదుపాయం. యూనిక్స్ తరహా సిస్టమ్‌లకు ఉన్న పాసిక్స్ 2001 ప్రమాణంలో ఉంది, లినక్స్ 2.6 నుంచి పాటిస్తోంది.

కాటా మీద కాకుండా స్పేర్ మెషీన్‌లో పెట్టి, ఖాళీ ప్రింటర్ తగిలించి పరీక్షించాం. జాంబీలు మాయం. కానీ ప్రతి తూకానికీ రెండేసి చీటీలు! ఇగ్నోర్ పెట్టాక ఎగ్జిట్ కోడ్ ఎవరికీ మిగలదు. ప్రోగ్రామ్ మొదటి చైల్డ్ మీద వెయిట్ చేస్తే, అది ముగిసేదాకా ఆగి, "అలాంటి చైల్డ్ ఎవరూ లేరు" అన్న ఎర్రర్ తిరిగి వస్తుంది. ప్రోగ్రామ్ దాన్ని ప్రింట్ విఫలమైనట్టు తీసుకుని ఇంకోసారి ప్రయత్నిస్తోంది. మిల్లులో చీటీ రాకపోతే గొడవ, ఒకే బండికి రెండు చీటీలు పుడితే అంతకంటే పెద్ద గొడవ. రెండో చీటీ చేతికొచ్చినవాడు దానికీ డబ్బు అడగొచ్చు. పైగా ఈ ఇగ్నోర్ ఎగ్జిక్ (ప్రాసెస్ వేరే ప్రోగ్రామ్‌గా మారే కాల్) దాటి సహాయక ప్రోగ్రామ్‌ల్లోకి కూడా వారసత్వంగా వెళ్తుంది. అవి తమ లోపల ఇంకేదైనా పుట్టించి వెయిట్ చేస్తే వాటికీ ఇదే ఎర్రర్. పరిధి తెలియని మార్పు కాబట్టి వదిలేశాం.

ఇంకో సూచన: హ్యాండ్లర్ పెట్టి, అందులో ఏ చైల్డ్ అయినా సరే అని వెయిట్ చేయడం. దీనికి రెండు అడ్డంకులు. ఈ సిగ్నల్ వరుసలో నిలబడదు. ముగ్గురు ఒకేసారి పోతే ఒక్క సిగ్నలే రావచ్చు. కాబట్టి ఒక్కసారి వెయిట్ చేస్తే చాలదు, బ్లాక్ కాకుండా (అక్కడే ఎదురుచూస్తూ ఆగిపోకుండా), ఇక ఎవరూ లేరు అనేదాకా లూప్ తిప్పాలి. అది సులువే. రెండోది కష్టం. "ఏ చైల్డ్ అయినా" అని తీసుకునే హ్యాండ్లర్, అవతల ప్రోగ్రామ్ ప్రత్యేకంగా ఎదురుచూస్తున్న మొదటి చైల్డ్ ఎగ్జిట్ కోడ్‌ను కూడా ఎత్తుకుపోతుంది. మళ్లీ రెండు చీటీలు.

పనిచేసింది, సగం వరకు

కోడ్ జోలికి పోకుండా ముందు పరిసరాన్ని సరిచేయాలనుకున్నాను. ప్రోగ్రామ్ ఆశిస్తున్నది తన పైన ఒక ఇనిట్ ఉండాలని. ఆ ఇనిట్‌ను ఇచ్చేద్దాం. డాకర్‌లో 2017 నాటి 1.13 వెర్షన్ నుంచి ఇనిట్ ఆప్షన్ ఉంది. అది పెడితే టీని అనే చిన్న ప్రోగ్రామ్ పీఐడీ 1గా లేస్తుంది, మన ప్రోగ్రామ్ దాని చైల్డ్ అవుతుంది. అనాథలన్నీ టీనికి పోతాయి, అది వెయిట్ చేస్తుంది. టర్మ్ సిగ్నల్‌ను కూడా కిందికి అందిస్తుంది. రాత్రి బండ్లు లేని వేళ కంటైనర్ సెట్టింగులుండే కంపోజ్ ఫైలులో ఒక లైను చేర్చి లేపాం. ఆపమంటే ఇప్పుడు వెంటనే ఆగుతోంది.

మరుసటి రోజు సాయంత్రానికి ప్రింట్ జాంబీ ఒక్కటీ లేదు, ఎస్ఎంఎస్ జాంబీ ఒక్కటీ లేదు. కానీ కెమెరా జాంబీలు కొన్ని ఉన్నాయి.

ఈ కేసులో నాకు బాగా నచ్చిన ఘట్టం ఇదే. టీని రాకముందు అన్ని జాంబీలకూ పేరెంట్ కాటా ప్రోగ్రామే. దాని సొంత చైల్డ్ ఏదో, కెర్నల్ తెచ్చి అప్పగించిన అనాథ ఏదో చూసి చెప్పే దారి లేదు. టీని వచ్చాక రెండూ విడిపోయాయి. అనాథలు టీని దగ్గరికి పోయి ఆనవాలు లేకుండా పోయాయి. ఇంకా కాటా ప్రోగ్రామ్ కిందే మిగిలినవి దాని సొంత చైల్డ్‌లు. వాటిని ఏ ఇనిటూ ముట్టుకోదు; పేరెంట్ బతికి ఉండగా వెయిట్ చేసే హక్కు పేరెంట్‌దే. ఇనిట్ పెట్టేస్తే జాంబీల బెడద పోతుందని చాలామంది అనుకుంటారు. పేరెంట్ పోయిన వాటి బెడదే పోతుంది.

కెమెరా కోడ్ చూస్తే అక్కడ డబుల్ ఫోర్క్ లేదు. ఫొటో ఫైలు పేరు చీటీ మీద రావాలి కాబట్టి నేరుగా చైల్డ్‌ను పుట్టించి, కాసేపు ఎదురుచూస్తుంది. కెమెరా ఆలస్యం చేస్తే "ఫొటో లేదు" అని చీటీ వేసి ముందుకు పోతుంది. ఆ తర్వాత ఎప్పుడో ఆ చైల్డ్ ముగుస్తుంది, దాన్ని అడిగేవాడు లేడు. లారీలు లేపే దుమ్ములో కెమెరా నెట్‌వర్క్ వైరు జాక్ వదులై, మధ్యమధ్య ఆలస్యం చేస్తోందని తర్వాత తేలింది. పాత పెట్టెలో కూడా ఈ లీకు ఉండే ఉండాలి. అక్కడ పీఐడీల గరిష్ఠ పరిమితి మామూలుగా ఉండే 32768, పైగా కరెంటు పోయినప్పుడల్లా పెట్టె రీబూట్ అయ్యేది. బయటపడే అవకాశమే రాలేదు.

దీనికి కోడ్ మార్చక తప్పలేదు. టైమ్ అయిపోయిన కెమెరా చైల్డ్ పీఐడీని ఒక చిన్న జాబితాలో వేసుకుని, మెయిన్ లూప్ తిరిగిన ప్రతిసారీ ఆ పీఐడీల మీద మాత్రమే, బ్లాక్ కాకుండా వెయిట్ చేసేలా రాయించాను. హ్యాండ్లర్ లేదు, "ఏ చైల్డ్ అయినా" లేదు, కాబట్టి ఎవరి ఎగ్జిట్ కోడ్ ఎవరూ ఎత్తుకుపోరు. ఆ పీఐడీని కెర్నల్ ఇంకొకరికి ఇచ్చేస్తే ఎలా అని డెవలపర్ అడిగాడు. మంచి ప్రశ్న. మనం వెయిట్ చేయనంతవరకు ఆ జాంబీయే ఆ నంబరును పట్టుకుని ఉంటుంది, ఇంకొకరికి పోదు.

ఫోర్క్ విఫలమైతే ఆపరేటర్ స్క్రీన్ మీద ఎర్ర పట్టీ రావాలని కూడా రాయించాం. ఈ ఒక్కటి మొదటి నుంచీ ఉంటే కొత్త ప్రింటర్ కొనే అవసరం పడేది కాదు.

దీని తర్వాత నా పనిలో మారినవి

పాత డెమన్‌ను (వెనకాల ఎప్పుడూ నడుస్తుండే ప్రోగ్రామ్‌ను) కంటైనర్‌లోకి మార్చమని ఎవరు తెచ్చినా ఇప్పుడు ముందు అడిగేది, అది ఎవరెవరిని పుట్టిస్తుంది, వాళ్లలో ఎవరి మీద వెయిట్ చేస్తుంది అన్నది. స్ట్రేస్‌లో క్లోన్ కాల్స్ (పుట్టించేవి), వెయిట్ కాల్స్ పక్కపక్కన పెట్టి చూస్తే కాసేపట్లో తెలిసిపోతుంది. వెయిట్ కాల్స్ తక్కువ ఉంటే ఆ తేడా ఇంతకాలం ఎవరో భరించారన్నమాట. ఆ ఎవరో కొత్త చోట ఉన్నారా లేరా చూడాలి. పేరెంట్ అనేది కోడ్‌లో రాసి ఉండే విషయం కాదు, నడిచే చోటును బట్టి కెర్నల్ నిర్ణయిస్తుంది. 3.4 వెర్షన్ నుంచి లినక్స్‌లో సబ్‌రీపర్ (అనాథలను ఇనిట్‌కు బదులు తన కిందికి తీసుకునే ప్రాసెస్) అనే ఏర్పాటు కూడా ఉంది కాబట్టి కంటైనర్ లేకపోయినా అనాథ పీఐడీ 1కే పోతుందని గుడ్డిగా అనుకోలేం. స్టేటస్ ఫైలులో పేరెంట్ పీఐడీ చూసుకోవాలి.

సీజన్ ముగిశాక సేటు ఒక మాట అడిగాడు: పెంచిన 4096 అట్లే పెట్టేద్దామా, ఎందుకైనా మంచిది కదా అని. ఒప్పుకోలేదు, మళ్లీ 512కే దించాను. మామూలుగా ఈ కంటైనర్‌లో పిడ్స్ కరెంట్ ఇరవై దాటదు. 100 దాటితే నా ఫోన్‌కు మెసేజ్ వచ్చేలా పెట్టాను. వచ్చే సీజన్‌కు వాట్సాప్‌లో కూడా చీటీ పంపాలని వాళ్ల ఆలోచన. దానికి రాసే కొత్త సహాయక ప్రోగ్రామ్ వెయిట్ మరిచిపోతే, మొదటి రోజు యాభై బండ్లు దాటకముందే ఆ మెసేజ్ రావాలి.